పదమూడో ఎక్కం

మా అమ్మ నన్ను ఎవరికి పరిచయం చేసినా రెండో వాక్యం ఒకటే. "మా పెద్దమ్మాయి. దీనికి చిన్నప్పటినుంచి ఆయాసం." బస్సులో పక్క సీటావిడకి, కొత్తగా దిగిన అద్దెవాళ్లకి, ఆఖరికి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి కూడా ఇదే చెప్పింది. మా ఆయన అది విని కూడా నిదానంగా కాఫీ తాగారు కాబట్టి సంబంధం కుదిరింది.

అబద్ధమేమీ కాదు. బొబ్బిలిలో ఉన్న రోజుల్లో మంచు పడే నెలలు వచ్చాయంటే నాకు పిల్లికూతలు మొదలయ్యేవి. పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుంటే అమ్మ తెల్లవార్లూ వీపు రాస్తూ ఉండేది. స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే చెట్టు కింద కూర్చుని మిగతా పిల్లల చెప్పులూ వాచీలూ కాపలా కాయడం నా పని. ఒకసారి ధైర్యం చేసి పరుగు పందెం వరసలో నిలబడితే మాస్టారు పక్కకి పిలిచి, "నువ్వొద్దులేమ్మా, ఏదైనా అయితే మాట నాకొస్తుంది" అన్నారు. పదిహేనో ఏడు వచ్చేసరికి పిల్లికూతలు తగ్గిపోయాయి. కానీ "ఇంక చెప్పుల దగ్గర్నుంచి లే" అని ఎవరూ చెప్పలేదు. నేనూ లేవలేదు.

రెండేళ్ల కిందట మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి, "స్పోర్ట్స్‌కి రాలేనని లెటర్ రాసివ్వమ్మా, మనింట్లో ఆయాసం ఉంది కదా" అంది. దానికి పుట్టి బుద్ధెరిగి ఒక్క పిల్లికూత కూడా రాలేదు. పెన్ను తీశాను, తేదీ వేశాను, ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు. ఆస్తి రాసిచ్చినట్టు జబ్బు రాసిస్తున్నానా అనిపించింది.

ఆ వారమే ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష మందుకి ముందొకసారి, మందు పీల్చాక ఒకసారి చేశారు. ఊపిరితిత్తులు నా వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు. "ఇన్‌హేలర్ జేబులో ఉంచుకుని పరిగెత్తండి" అని ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. పరుగు ఆపాక రెండు మూడు నిమిషాల్లో దిగిపోయేది మామూలు రొప్పు. ఆపాక కూడా పెరుగుతూ, ఛాతీ బిగపట్టి, లోపల ఈల వినిపిస్తే అది ఆయాసం. నలభై ఏళ్లు రెండిటినీ ఒకే పేరుతో పిలిచాను నేను.

మాది విశాఖలో పెదవాల్తేరు. కరకచెట్టు పోలమాంబ గుడి దాటి కిందికి దిగితే లాసన్స్ బే, అక్కణ్నించి బీచ్ రోడ్డు. కొంచెం నడక, కొంచెం పరుగు అంటూ మొదలుపెట్టి ఏడాదిలో ఐదు కిలోమీటర్లకి వచ్చాను. అక్కడ ఆగాను. ఐదు తర్వాత ఏముందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఎవరైనా అడిగితే "నాకు ఐదు చాలండీ, ఆయాసం మనిషిని" అనేదాన్ని. అంటే ఆ రెండో వాక్యాన్ని అమ్మ దగ్గర్నుంచి నేనే తీసుకున్నానన్నమాట.

కాళీమాత గుడి దగ్గర పొద్దున్నే కలుసుకునే ఆరేడుగురం ఉంటాం. ఆర్కే బీచ్ ముక్కలో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి వెనక హారన్ల భయం ఉండదు. అందులో ఒకాయన నేవీలో పీటీ ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మేమంతా మాస్టారనే పిలుస్తాం. నిరుడు జులైలో ఆయన నా చేతికో కాగితం ఇచ్చారు. పదహారు వారాలు. నవంబర్‌లో బీచ్ రోడ్డు మీద జరిగే హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్లు. మంగళవారం 800 మీటర్ల పరుగులు, గురువారం టెంపో (కాస్త గట్టి వేగంతో ఆగకుండా పరుగు), శనివారం మెల్లగా, ఆదివారం లాంగ్ రన్. సోమవారం పిక్కలకీ తొడలకీ వ్యాయామాలు. వారానికి 20 కిలోమీటర్లతో మొదలై 42 దాకా వెళ్తుంది. వేరే ఎవరి బిల్లో పొరపాటున నాకు ఇచ్చినట్టుంది ఆ కాగితం. అదే అన్నాను ఆయనతో. "పేరు చూసుకోమ్మా, నీదే" అన్నారు.

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మాకు ప్రతి పద్దుకీ అంచనా ఒక కాలమ్, అసలు ఒక కాలమ్. పరుగు నోట్‌బుక్ కూడా అలాగే గీశాను. ఎడమవైపు, బయల్దేరేముందు, ఈరోజు ఏమవుతుందని మనసు చెబుతోందో రాయాలి. కుడివైపు, వచ్చి స్నానం చేసేలోపు, నిజంగా ఏమైందో రాయాలి. "నువ్వు చేయగలవు, నువ్వు పులివి" లాంటివి రాయకూడదని ముందే నిర్ణయించుకున్నాను. అలాంటివి మా వాట్సాప్ గ్రూపులో రోజుకి పాతిక వస్తాయి, చదివి ఎవరూ మంచం దిగినట్టు కనబడదు. పైగా భయాన్ని కూడా లెక్కకి అందేట్టు రాయాలని పెట్టుకున్నాను. "కష్టంగా ఉంటుంది" అంటే ఒప్పుకోను. "మూడో 800కి ఆగిపోతాను" అంటే ఒప్పుకుంటాను.

మొదటి మంగళవారం సరిగ్గా అదే రాశాను. "మూడోదానికి పిల్లికూత, ఆపేస్తాను." యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆరుసార్లు 800 మీటర్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడక. మూడోది నిజంగానే నరకం. నాలుగోది మొదలుపెట్టేముందు నడుం మీద చేతులు పెట్టుకుని మాస్టారి వైపు చూశాను, వద్దంటారేమోనని. ఆయన గడియారం చూసుకుంటున్నారు. ఐదోది ఎలా అయిందో గుర్తులేదు. ఆరోది నాలుగోదానికంటే 9 సెకన్లు ముందు అయింది. ఇంటికొచ్చి కుడి కాలమ్‌లో అది రాస్తుంటే నాకు లెక్క కుదరలేదు. ఒంట్లో శక్తి అయిపోయి కాళ్లు ఆగుతున్నాయంటే ఆఖరిది అన్నిటికంటే నెమ్మది కావాలి కదా. మరి ఆ 9 సెకన్లు ఎక్కడ దాచుకున్నాను?

మాస్టారు దీనికి పెద్ద ఆశ్చర్యపడలేదు. నడిమి రెండు ఎవరికైనా అంతేనన్నారు. ఇంకా ఎంత మిగిలిందో మనసు లెక్కపెట్టుకుని ముందే పొదుపు మొదలెడుతుందట. తర్వాత చదివితే తెలిసింది, దక్షిణాఫ్రికాకు చెందిన టిమ్ నోక్స్ అనే శాస్త్రవేత్త ఇలాంటి మాటే చెప్పారు. ఒంటికి హాని జరక్కముందే మెదడు పగ్గాలు బిగిస్తుందని, అలసటలో ఆ బిగింపు వాటా చాలా ఉందని ఆయన వాదన. ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల తగువు తీర్చడం నా పని కాదు, నా 9 సెకన్లకి మాత్రం ఒక జవాబు దొరికింది.

ఈ 800 మీటర్ల గురించే ఇంకో సంగతి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో తొలిసారి ఆడవాళ్లకి 800 మీటర్ల పరుగు పెట్టారు. అయ్యాక కొందరు ట్రాక్ పక్కన కూలబడ్డారు, 800 పరిగెత్తిన మగవాళ్లు కూడా కూలబడతారు. కానీ పత్రికలు గోరంతని కొండంత చేసి, ఆడవాళ్ల ఒంటికి ఇంత దూరం పడదని రాశాయి. పందెం తీసేశారు. మళ్లీ 1960లో రోమ్‌లో గానీ పెట్టలేదు. మారథానైతే 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి లేనే లేదు. నేను పుట్టింది ఆ ఏడే. ముప్పై రెండేళ్లపాటు ఒలింపిక్స్ వాళ్లు చెప్పుల దగ్గర కూర్చోబెట్టిన దూరాన్ని మంగళవారం మంగళవారం ఆరేసిసార్లు పరిగెత్తుతున్నానని తెలిశాక, నాలుగోది మొదలుపెట్టేటప్పుడు మాస్టారి వైపు చూడడం మానేశాను. చూసినా పలకరనుకోండి.

అసలు మార్పు మాత్రం మంగళవారాల్లో రాలేదు, శనివారాల్లో వచ్చింది. మెల్లగా పరిగెత్తాలి అన్నప్పుడు నేను సరేనన్నాను గానీ ఆ ఉదయం నా వెనక వచ్చిన మాస్టారు అర కిలోమీటరుకే ఆపారు. "ఏదైనా ఎక్కం చెప్పు" అన్నారు. పదమూడు మొదలుపెట్టాను. పదమూడు మూళ్ల దగ్గరే గాలి అయిపోయింది. "ఎక్కం రాక కాదు కదా, మరి ఇది మెల్లగా ఎలా అవుతుంది?" అన్నారు. పదమూడు పదుల దాకా తడుముకోకుండా చెప్పగలిగే వేగమే నీ ఈజీ వేగం అని తేల్చారు. ఆ వేగం కిలోమీటరుకి 8 నిమిషాల 20 సెకన్లు. ముసలాయనొకరు వాకింగ్‌లో నన్ను దాటి వెళ్లారు. పెదజాలారిపేట దగ్గర చేపల బుట్టతో ఎదురయ్యే ఒక అమ్మ మొదట్లో "ఏటమ్మా, ఎవులు తరుముతన్నారు నిన్ను?" అని నవ్వేది. ఆ శనివారం "ఈయేల తరిమినోడు కూడా అలిసిపోనాడా?" అంది.

సిగ్గు చచ్చిపోయింది, కానీ ఆ రోజు ఎనిమిది కిలోమీటర్లు అయ్యాయి. ఐదు ఎప్పుడు దాటానో చూసుకోలేదు, ఎక్కాల్లో ఉన్నాను. చిన్నప్పటినుంచీ పరుగంటే నాకు తెలిసింది ఒకటే, బలం కొద్దీ ఉరకడం. బస్సు కోసం, వాన పడితే, ఎవరో పిలిస్తే. అలా ఉరికితే ఎవరికైనా రెండు నిమిషాల్లో ఊపిరి అందదు. నాకు అందకపోతే అది జబ్బు, మిగతావాళ్లకి అందకపోతే అది పరుగు. ఇంత చిన్న తేడా తెలియడానికి ఇంత కాలం పట్టిందంటే నవ్వొస్తుంది, కాస్త కోపమూ వస్తుంది.

ఆగస్టు ఆదివారాల్లో 10, 11, 12 కిలోమీటర్లు. తెన్నేటి పార్కు దాటడం మామూలైపోయింది. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకెక్కింది అక్కడే. ఓడల కాగితాలతో బతికేదాన్ని కాబట్టి ఆ మలుపు దగ్గర ప్రతిసారీ దాని ఖర్చుల లెక్క వేస్తూ ఒక కిలోమీటరు గడిపేస్తాను. గురువారాలు పాండురంగాపురం డౌన్ అనే ఏటవాలు రోడ్డు ఎక్కడం దిగడం. దాని గురించి చెప్పేంతేమీ లేదు, ఎక్కాలి, అంతే. మా అత్తయ్యగారు మాత్రం తెల్లవారుజామున నాలుగుంపావుకి కుక్కర్ కూత వింటే ఎవరో పోయారేమో అనుకుని ఉలిక్కిపడుతున్నానని నెలరోజులు చెప్పారు.

ఇలా ఎడమ కాలమ్ వరసగా తప్పవుతుంటే, నాకు తెలీకుండానే ఇంకో పిచ్చి పట్టింది. నా భయాలన్నీ అబద్ధాలేనని, అసలు ఒంటికి హద్దులే లేవని, ఉన్నదంతా బుర్రలోనేనని. ఆ వాట్సాప్ సూక్తుల్ని నేనూ ఫార్వర్డ్ చేయడం మొదలుపెట్టాను. దాని ఫలితం సెప్టెంబరులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి అనుభవించాను.

సెప్టెంబరు ఆదివారం 16 కిలోమీటర్లు. ఇంట్లో చుట్టాలు, లేవడం ఆలస్యమైంది, ఆరుంపావుకి బయల్దేరాను. ఎడమ కాలమ్‌లో "ఎండకి ఆగిపోతానేమో" అని రాసి, కొట్టేసి, "ఇది కూడా సాకే" అని పక్కన రాశాను. విశాఖ సెప్టెంబరు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. వాన వెలిసి ఎండ కాస్తే గాలి తడిబట్ట కప్పినట్టుంటుంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. ఆ గాలిలో అది ఆరదు, బొట్లు బొట్లుగా కారిపోతుంది. అదే వేగానికి గుండె మాత్రం ఇంకా ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. సాగర్‌నగర్ నుంచి వెనక్కి తిరిగాక, పన్నెండో కిలోమీటరులో, అంత ఎండలో నాకు చలి వేసింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. పదమూడో ఎక్కంలో పదమూడు ఏళ్లు ఎంతో గుర్తురాలేదు. అప్పుడు భయం వేసింది. జోడుగుళ్లపాలెం దగ్గర కొబ్బరిబోండాల బండి నీడలో కూలబడితే, ఆయన బోండాం కొట్టడం మానేసి ముందు నా తల మీద మగ్గుతో నీళ్లు పోశాడు. ఇంటికి ఆటోలో వచ్చాను.

కుడి కాలమ్‌లో "ఓడిపోయాను" అని రాస్తే మాస్టారు నోట్‌బుక్ తీసుకుని అది కొట్టేసి "12.4 కి.మీ., ఎండ" అని రాశారు. ఎండలో చలి వేసిందంటే వడదెబ్బ గుమ్మంలోకి వచ్చినట్టని, ఇంకో రెండు కిలోమీటర్లు మొండికేసి ఉంటే ఆస్పత్రిలో కలుసుకునేవాళ్లమని అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అయినా పూర్తిగా బుద్ధి రాలేదు. అక్టోబరు మొదట్లో కుడికాలి మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట నొప్పి మొదలైంది. పది నిమిషాలు పరిగెత్తితే తగ్గేది, అందుకని పరిగెత్తాను. తర్వాత తగ్గడం మానేసింది, అయినా పరిగెత్తాను. ఆఫీసులో మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటున్నానని పక్క సీటు అబ్బాయి చెప్పాక ఫిజియో దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఒకటే అడిగింది. "నొప్పి ఒక్క వేలితో చూపించగలరా, అరచెయ్యి కావాలా?" అరచెయ్యే కావాల్సి వచ్చింది. అదృష్టం అన్నారావిడ. ఒక్క వేలి చోటే నొక్కితే ప్రాణం పోయేలా ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నటి పగులని అనుమానించాలట, అది మొదట్లో ఎక్స్‌రేకి కూడా దొరక్కపోవచ్చట. నాది దాని ముందు మెట్టు. పది రోజులు పరుగు బంద్, జిమ్‌లో సైకిల్ తొక్కుకోవచ్చు.

ఆ పది రోజుల్లో నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి కూర్చుని లెక్క తీశాను, ఇంక చేసే పని లేక. అప్పటికి 44 పద్దులు. అందులో "ఆగిపోతాను, చేయలేను" అని రాసినవి 31. నిజమైనవి 6. ఆ ఆరింటిలో రెండు ఎండ, రెండు ఈ కాలు, ఒకటి ముందురోజు రాత్రి పదకొండింటికి తిన్న పెళ్లి భోజనం. ఆరోది మాత్రం అసలైన ఆయాసం. జలుబు చేసిన వారం తుంపరలో పరిగెత్తాను, ఆపాక ఈల వినిపించింది. ఇన్‌హేలర్ రెండు పీల్పులు, నడుచుకుంటూ ఇల్లు. 31లో 19 సార్లు ఊపిరి గురించే భయపడ్డాను, వచ్చింది ఒక్కసారి. కాలు గురించి, ఎండ గురించి ముందే రాసుకున్నవి మాత్రం దాదాపు ప్రతిదీ జరిగింది. అవి రాసేటప్పుడు నాకు పెద్ద భయమే లేదు, అందుకే వాటిని పట్టించుకోలేదు. గుండెలు దడదడలాడించిన పద్దులే దాదాపు అన్నీ తప్పు. ఆడిటర్ ఎవరైనా చూస్తే ఈ క్లర్కుని పనిలోంచి తీసేయమంటాడు.

తిరిగి మొదలెట్టాక 14, ఆ తర్వాత ఒకే ఒక్క 18. ఆఖరి రెండు వారాలు దూరం తగ్గించేశారు. పరిగెత్తకుండా ఉండడం కూడా శిక్షణలో భాగమేనట. ఆ రెండు వారాలే అన్నిటికంటే కష్టం, లేనిపోని నొప్పులన్నీ అప్పుడే పుట్టుకొచ్చాయి.

మా అమ్మాయి నాకు హుషారు తెప్పిద్దామని జ్యోతి యర్రాజి వీడియోలు చూపించింది. మన విశాఖ అమ్మాయే, 100 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు ముగించిన తొలి భారతీయ మహిళ, 2022లో. చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. నిజం చెప్పాలంటే నాకు అంతకంటే ధైర్యం ఇచ్చింది మా గుంపులోనే ఉన్న ఒక రేషన్ డిపో ఆవిడ. యాభై రెండేళ్లు, సుగరు, చుడీదార్ మీద చున్నీ నడుముకి బిగించి పరిగెత్తుతుంది. ఆవిడ 21 పూర్తి చేసిందంటే నేనూ చేస్తానేమో అనిపించేది. జ్యోతిని చూస్తే అలా అనిపించదు కదా.

పందెం రోజు ఎడమ కాలమ్: "2 గంటల 45 నిమిషాలు దాటుతుంది. కాలు ఓకే. చల్లగా ఉంటే ఓకే." మాస్టారి అంచనా రెండున్నర. చీకట్లో బయల్దేరాం. మొదటి మూడు కిలోమీటర్లు అందరూ నన్ను దాటుకుని పోతుంటే ఎక్కం చెప్పుకుంటూ ఉండిపోయాను. ఋషికొండ వైపు వెళ్తుంటే సూర్యుడు వచ్చాడు. వెనక్కి వస్తుంటే, పదిహేడో కిలోమీటరులో, కైలాసగిరి కింద ఎగుడు దగ్గర రొప్పు మొదలైంది. దాంతోపాటే అమ్మ గొంతు, అచ్చం బస్సులో చెప్పినట్టే. ఛాతీ బిగిసిందా? లేదు. ఈల ఉందా? లేదు. ఎండలో చలి? లేదు. కాలు? అరచేతి నొప్పి, పాతదే. రెండొందల మీటర్లు నడిచాను, రొప్పు దిగింది, మళ్లీ కదిలాను. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ కనిపించాక మాత్రం ఎక్కం మానేసి ఉరికాను, చిన్నప్పటిలాగే. 2 గంటల 38 నిమిషాలు. మాస్టారూ తప్పే, నేనూ తప్పే.

మా అమ్మాయి ఇప్పటికీ స్పోర్ట్స్‌కి వెళ్లనంటుంది. కారణం మాత్రం "నాకు ఇష్టం లేదు" అంటోంది. దానికి నా దగ్గర లెటర్ లేదు, వాళ్ల టీచరుతో అదే తేల్చుకోమన్నాను.

సంక్రాంతికి అమ్మ వచ్చింది. కింద ఫ్లాట్‌లో కొత్తగా దిగినావిడ మెట్ల దగ్గర కనిపిస్తే నన్ను చూపించింది. "మా పెద్దమ్మాయి. దీనికి చిన్నప్పటినుంచి ఆయాసం. మొన్న ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెత్తింది." ఆవిడ నా వైపు, అమ్మ వైపు అయోమయంగా చూసింది. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, "ఎందుకని మాత్రం అడక్కండి, నాకూ తెలీదు" అని పైకి ఎక్కేసింది.